గన్ను కుదరని బండి

విశాఖ నుంచి కళింగపట్నం చూడ్డానికి కరెంటు కారులో బయల్దేరినవాడు గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసి ముందుగా అడిగేది గది అద్దె కాదు. "పదహారు ఆంపుల సాకెట్ ఉందా?" అని. అవతల నుంచి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. "ఏసీ పాయింటు ఉంది బాబూ, బండి కిటికీ పక్కకి తెచ్చి పెట్టుకోండి." హైవే మీద ఫాస్ట్ చార్జర్లు ఉంటాయి, గన్నులు వేలాడుతుంటాయి. శ్రీకాకుళం దాటి గార మీదుగా సముద్రంవైపు తిరిగాక మాత్రం బండి ఆకలి తీర్చేది గోడలోని ఆ మూడు గుండ్రటి రంధ్రాలే.

వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఓడరేవు. బయటి దేశపు సరుకు ఇక్కడికి కొత్త కాదు. ఇప్పుడు రేవు లేదు, లైట్‌హౌస్ ఉంది. అమెరికాలోనో దుబాయిలోనో ఆక్లండ్‌లోనో కారు నడిపే పిల్లలున్న ఇళ్లు మాత్రం జిల్లా అంతటా ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఒకటి, "అక్కడి కారు ఇక్కడికి తెచ్చుకుంటే చార్జింగ్ ఎలా?" అనేది. ఒక దేశం ప్లగ్గుతో పుట్టిన బండి ఇంకో దేశంలో ఎందుకు ఇబ్బంది పడుతుంది, ఎక్కడ పడదు, ఈ గొడవ మన దేశంలో ఏ మలుపులు తిరిగింది అన్నది ఒకసారి మొత్తంగా చూడాల్సిన విషయమే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రపంచంలోని ప్లగ్గు తగాదాల్లో అసలు తగువంతా ఫాస్ట్ చార్జింగ్ దగ్గరే. నిదానంగా ఎక్కే ఇంటి కరెంటు దగ్గర దేశాల మధ్య తేడా చాలా చిన్నది. కళింగపట్నం లాంటి ఊళ్లు పట్టించుకోవాల్సింది రెండోదాన్ని.

ప్లగ్గు కుదరలేదంటే చాలామంది మూతి ఆకారం అనుకుంటారు. ఆకారం మొదటి మెట్టు మాత్రమే. రెండోది కరెంటు రకం. గోడలోంచి వచ్చేది ఏసీ, బ్యాటరీలో నిలవుండేది డీసీ. ఏసీని డీసీగా మార్చే పెట్టె కారులోనే ఉంటే దాన్ని ఆన్‌బోర్డ్ చార్జర్ అంటారు. ఆ పెట్టె కారు బయట, బీరువా అంత స్తంభంలో ఉంటే అది ఫాస్ట్ చార్జర్. మూడో మెట్టు, చాలామందికి కనపడనిది, మాట. ఫాస్ట్ చార్జర్ నేరుగా బ్యాటరీలోకి డీసీని తోస్తుంది. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపులు, ఎప్పుడు ఆపాలి అన్నది క్షణక్షణం కారు చెప్పాలి, స్తంభం వినాలి. ఇద్దరికీ ఒకే భాష రాకపోతే మూతులు కలిసినా కరెంటు కదలదు.

ఆ భాషలు ప్రధానంగా రెండు కుటుంబాలు. జపాన్ వారి ఛాడెమో, చైనా వారి జీబీటీ, రెండూ కారులోని యంత్రభాగాలు తమలో తాము మాట్లాడుకునే క్యాన్ అనే పద్ధతిని వాడతాయి. అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. యూరప్ వారి సీసీఎస్2, అమెరికా వారి సీసీఎస్1 మాత్రం ఇంటి వైర్ల మీద ఇంటర్నెట్ పంపే పద్ధతికి దగ్గరి చుట్టం లాంటిదాన్ని వాడతాయి. అందుకే సీసీఎస్1 నుంచి సీసీఎస్2కి మధ్యలో పెట్టే అడాప్టర్‌లో రాగి, ప్లాస్టిక్ ఉంటే దాదాపు సరిపోతుంది. భాష ఒకటే, మూతి వేరు. సీసీఎస్ స్తంభానికి ఛాడెమో బండిని కలపాలంటే మాత్రం ఆ అడాప్టర్‌లో ఓ చిన్న కంప్యూటరే కూర్చోవాలి, ఇటు విని అటు చెప్పాలి.

ఈ తేడా శ్రీకాకుళం జిల్లావాళ్లకి వేరే విడమర్చి చెప్పక్కర్లేదు. నౌపడ జంక్షన్ చూసినవాళ్లకి తెలుసు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు 1900లో మొదలై, తర్వాత గుణుపురం దాకా సాగి, 2004 వరకూ నడిచింది. దాని పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు. పక్కనే మద్రాసు–కలకత్తా మెయిన్ లైను వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు. నడుమ తేడా 3 అడుగులు. గుణుపురం నుంచి వచ్చిన మనిషి నౌపడలో దిగి మూట నెత్తికెత్తుకుని ఇంకో రైలెక్కాలి. బస్తాలైతే కూలీలు ఒక వ్యాగన్‌లోంచి ఇంకోదానిలోకి మోయాలి. ప్రపంచంలోని అడాప్టర్లన్నీ ఆ నౌపడ ప్లాట్‌ఫారం కూలీల పనే చేస్తున్నాయి. కొన్నిచోట్ల మూట తేలిక, కొన్నిచోట్ల బరువు. చివరికి 2010 ప్రాంతంలో పట్టాలే మార్చి బ్రాడ్‌గేజ్ చేశారు. కారుకి పట్టాలు మార్చడం అంత తేలిక కాదు. లోపల పోర్టు తీసి కొత్తది వేయడం అంటే వైరింగూ, కంప్యూటరూ, వారంటీ అన్నీ కదిలించడమే.

ఏసీ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అమెరికా, జపాన్ కార్లకి ఉండే టైప్1 మూతిలో అయిదు పిన్నులు, సింగిల్ ఫేజ్ మాత్రమే. యూరప్ టైప్2లో ఏడు పిన్నులు, త్రీ ఫేజ్ కూడా వెళ్తుంది. కానీ రెండింటిలోనూ కారూ చార్జరూ పలకరించుకునే సైగ ఒకటే. ఒక సన్నని తీగ మీద సెకనుకి వెయ్యిసార్లు కొట్టే నాడి. ఆ నాడి ఎంతసేపు పైన ఉంటుంది, ఎంతసేపు కింద ఉంటుంది అన్నదాన్నిబట్టి "నేనింత ఆంపులు ఇవ్వగలను" అని చార్జర్ చెబుతుంది. కారు అంతకు మించి లాక్కోదు. అంతే వ్యవహారం. అందుకే టైప్2 నుంచి టైప్1కి అడాప్టర్ చవక, నమ్మకం కూడా. చైనా ఏసీ మూతి చూడ్డానికి అచ్చం టైప్2 లాగే ఉంటుంది, కానీ ఆడ, మగ తిరగేసి ఉంటాయి. కారులో ఉండాల్సిన పిన్నులు తీగలో ఉంటాయి, తీగలో ఉండాల్సిన రంధ్రాలు కారులో ఉంటాయి. రెండు మూతులూ ఎదురెదురుగా పెట్టి చూసిన మెకానిక్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

బయటి దేశాల్లో ఈ బాధ ఎవరిదంటే, కొత్త కారు షోరూంలో కొన్నవాడిది కాదు. అక్కడి కంపెనీ అక్కడి మూతి పెట్టే ఇస్తుంది. బాధ సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాడిది. జపాన్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అక్కడ కొన్నేళ్లు తిరిగిన నిస్సాన్ లీఫ్ కార్లు ఓడెక్కి న్యూజీలాండ్‌కీ శ్రీలంకకీ పెద్ద ఎత్తున వెళ్లాయి. 2010లో మొదలైన ఈ కారు ముక్కు మీద చిన్న మూత తెరిస్తే పక్కపక్కన రెండు రంధ్రాలు కనపడతాయి. చిన్నది టైప్1, పెద్దది ఛాడెమో. తక్కువ జీతంతో మొదలుపెట్టిన మన కుర్రాడు ఆక్లండ్‌లో కొనగలిగిన మొదటి కరెంటు కారు చాలాసార్లు ఇదే అయ్యేది. బండి దిగాక ఒక్కొక్క చిక్కూ బయటపడేది. తెర మీద అక్షరాలన్నీ జపాను లిపి. రేడియో 76 నుంచి 90 దాకా మాత్రమే పలుకుతుంది, న్యూజీలాండ్ స్టేషన్లు 88 నుంచి 108 మధ్య. డిక్కీలో వచ్చిన చార్జింగ్ తీగ జపాన్ సాకెట్ కోసం తయారైంది. కొందరు ఆ తీగ కొస కత్తిరించి లోకల్ ప్లగ్ తగిలించేవారు. అక్కడి భద్రతాధికారులు ఈ పని చేయొద్దని హెచ్చరించారు కూడా. ఇంటి దగ్గర సరైన తీగ కొనుక్కుంటే ఏసీ చార్జింగ్‌కి అడ్డేమీ లేదు. దూరప్రయాణమే సమస్య. మొదట్లో న్యూజీలాండ్ ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లలో ఛాడెమో, సీసీఎస్2 రెండు గన్నులూ పెట్టేవారు. క్రమంగా కొత్త కార్లు దాదాపు అన్నీ సీసీఎస్2 అయ్యాక ఛాడెమో గన్ను అదనపు బరువయింది. బండి బాగానే ఉంటుంది, దానికి దారే తగ్గుతుంది.

భూటాన్‌లో 2014లో ప్రభుత్వమే లీఫ్ కార్లని ముందుకు తోసింది. జలవిద్యుత్ పుష్కలంగా ఉన్న దేశం కాబట్టి ఆలోచన సరైనదే. ఎంచుకున్న మూతి మాత్రం తర్వాత ప్రపంచంలో ఓడిపోతున్న పక్షానిదయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. చిన్న దేశాలు ప్రమాణాన్ని నిర్ణయించవు, ఎవరో నిర్ణయించింది కొనుక్కుంటాయి.

గల్ఫ్ కథ ఇంకో దిక్కు నుంచి వచ్చింది. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు. చైనాలోనూ అంతే. చైనా దేశీయ మార్కెట్ కోసం చేసిన కార్లు, యూరప్ కంపెనీల పేరున్నవి కూడా, వ్యాపారులు చవగ్గా కొని యూఏఈ, జోర్డాన్ లాంటి చోట్ల అమ్మారు. అధికారిక డీలర్ల ద్వారా వచ్చినవి కావవి. వాటి మూతి జీబీటీ. దుబాయిలో ప్రభుత్వ విద్యుత్ సంస్థ 2015 నుంచే చార్జింగ్ స్తంభాలు వేస్తూ వచ్చింది, అవి యూరప్ పద్ధతివి. చైనా బండి యజమానికి ఏసీ అడాప్టర్ ఒకటి, డీసీ అడాప్టర్ ఇంకొకటి కొనక తప్పదు. మన జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వెళ్లి అక్కడ ఎలక్ట్రీషియన్లుగా, ఫిట్టర్లుగా పనిచేసే మనవాళ్లకి ఈ బేరాలన్నీ కళ్లముందువే. డీసీ అడాప్టర్ కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అందులో వందల వోల్టులు, వందల ఆంపులు ప్రవహిస్తాయి. పేరూ ఊరూ లేని అడాప్టర్ వేడెక్కి కరిగితే, మధ్యలో గన్ను ఊడదీయకుండా ఆపే లాక్ లేకపోతే, పోయేది ఫోన్ చార్జర్ కాదు.

అమెరికాలో గొడవ ఇంట్లోది. టెస్లా 2012 నుంచి తన సొంత మూతి పెట్టుకుంది, మిగతావాళ్లు సీసీఎస్1 పెట్టుకున్నారు. పదేళ్లు ఎవరి స్టేషన్ వారిది. 2022 నవంబరులో టెస్లా తన మూతిని అందరికీ తెరిచింది. 2023 మేలో ఫోర్డ్, జూన్‌లో జనరల్ మోటార్స్ ఆ వైపు దూకాయి. తర్వాత అందరూ క్యూ కట్టారు. డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న తెలుగు కుటుంబాల గరాజుల్లో ఇప్పుడు రెండు రకాల బండ్లూ ఉన్నాయి, గ్లవ్ బాక్సులో ఓ అడాప్టర్ పడుంది. యూరప్‌లో ఇంత నాటకం జరగలేదు. 2014లోనే యూరోపియన్ యూనియన్ ఆదేశం ఇచ్చి టైప్2, సీసీఎస్2 అని తేల్చేసింది. టెస్లా కూడా అక్కడ ఆ మూతే పెట్టి అమ్ముతోంది. మార్కెట్‌కి వదిలితే అదే తేలుతుంది అనేవాళ్లు అమెరికా పదేళ్లనీ, ప్రభుత్వం తేల్చాలి అనేవాళ్లు యూరప్‌నీ చూపిస్తారు. నేను రెండోవారి పక్షం. అయితే మన దగ్గర ప్రభుత్వం తేల్చిన మొదటి తీర్పు ఎలా పరిణమించిందో చూశాక ఆ పక్షంలో కొంచెం వెనక వరుసలో కూర్చుంటాను.

మరి అమెరికా టెస్లాని కళింగపట్నం తెచ్చుకోవచ్చా? ప్లగ్గు దాకా వెళ్లేలోపే కథ ఆగిపోతుంది. మన దిగుమతి నియమాల ప్రకారం కారుకి స్టీరింగ్ కుడివైపే ఉండాలి. వాడిన కారైతే మూడేళ్లకు మించిన పాతది కాకూడదు, ముంబై రేవు గుండానే రావాలి. కస్టమ్స్ సుంకం కారు ధరని మించిపోతుంది. ఎవరైనా ఇవన్నీ దాటి ఓ బండి తెచ్చారనుకుందాం. అమెరికా టెస్లా ఆన్‌బోర్డ్ చార్జర్ సింగిల్ ఫేజ్‌ది. అక్కడి ఇంట్లో 48 ఆంపులు, అంటే 11.5 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. మన త్రీ ఫేజ్ 22 కిలోవాట్ల స్తంభానికి అడాప్టర్‌తో తగిలిస్తే మూడు ఫేజుల్లో ఒక్కటే దానికి పనికొస్తుంది. 32 ఆంపులు, 230 వోల్టులు, కలిపి 7.4 కిలోవాట్లు. నష్టమేమీ లేదు, రాత్రికి నిండుతుంది. మళ్లీ అదే మాట. ఏసీ దగ్గర వేగం తగ్గుతుందే తప్ప తలుపు మూసుకోదు. ఇప్పుడైతే ఈ తంటా కూడా అక్కర్లేదు. 2025 జూలై 15న ముంబైలో దుకాణం తెరిచిన టెస్లా, షాంఘైలో తయారైన కుడి స్టీరింగ్ మోడల్ వైని సీసీఎస్2 మూతితోనే తెచ్చి అమ్ముతోంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాడిన కార్ల దిగుమతికి మనం వేసిన ఆ గట్టి తాళమే శ్రీలంకకీ న్యూజీలాండ్‌కీ పట్టిన ఛాడెమో బెడదని మన గడప తొక్కనివ్వలేదు. పరాయి అనాథ ప్లగ్గులు మనకి రాలేదు. వాటిని మనమే సొంతంగా కన్నాం.

2017లో కేంద్రం నియమించిన కమిటీ భారత్ ఏసీ-001, భారత్ డీసీ-001 అని రెండు ప్రమాణాలు చెప్పింది. డీసీ-001కి తీసుకున్నది చైనా జీబీటీ మూతి. వేగం 15 కిలోవాట్లకు మించదు. అప్పటి మన కార్లకి అది సరిపోయింది. మహీంద్రా ఈ-వెరిటో, తొలినాటి టాటా టిగోర్ ఈవీ లాంటివి 72 వోల్టుల బ్యాటరీతో వచ్చినవి. అదే ఏడాది కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ పదివేల కరెంటు కార్లకి టెండరు పిలిచింది. ప్రభుత్వ శాఖల్లోకి వచ్చిన తెల్ల టిగోర్లు ఆ బాపతే. మంచి ఆరంభమే అనిపించింది.

ఈలోగా ప్రపంచం మూడు, నాలుగు వందల వోల్టుల బ్యాటరీలకి వెళ్లిపోయింది. 2019 జూలైలో హ్యుందాయ్ కోనా, 2020 జనవరిలో ఎంజీ జెడ్ఎస్, టాటా నెక్సాన్ ఈవీ, అన్నీ సీసీఎస్2తోనే దిగాయి. 72 వోల్టుల కార్ల గతేమిటి? వీటికి అడాప్టర్ కూడా దిక్కు కాదు. సీసీఎస్2 స్తంభం సాధారణంగా నూటయాభై, రెండు వందల వోల్టుల కిందకి దిగదు. మూతి కలిపినా, భాష నేర్పినా, బ్యాటరీ అంత వోల్టేజీ తట్టుకోలేదు. స్వదేశంలో, స్వదేశీ కంపెనీ చేసిన బండి, మూడేళ్లలో పరదేశిగా మారింది. వాటిని ఇప్పటికీ బతికించగలిగేది ఆన్‌బోర్డ్ చార్జరూ, పదహారు ఆంపుల సాకెట్టూ. ఎవరైనా పాత ఫ్లీటు టిగోర్‌ని చవగ్గా ఇస్తామంటే బ్యాటరీ ఆరోగ్యంతోపాటు ముక్కుదగ్గర ఏ మూతి ఉందో కూడా చూడండి.

ప్రభుత్వం తడబడిన జాడ ఇంకోచోట కూడా కనపడుతుంది. 2018 డిసెంబరులో విద్యుత్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రతి పబ్లిక్ స్టేషన్‌లో అయిదు రకాలూ ఉండాలన్నారు. సీసీఎస్, ఛాడెమో, టైప్2 ఏసీ, భారత్ డీసీ, భారత్ ఏసీ. సామాన్యుడు కొనే ఛాడెమో కారు దేశంలో ఒక్కటీ లేనప్పుడు యాభై కిలోవాట్ల ఛాడెమో గన్ను పెట్టమంటే పెట్టుబడి పెట్టేవాడు ఎందుకు వస్తాడు? ఏడాది తిరక్కుండానే, 2019 అక్టోబరులో, ఏది కావాలో మీరే ఎంచుకోండి అని సడలించారు. హైవేల మీద 25 కిలోమీటర్లకొక స్టేషన్ అన్న లక్ష్యం కూడా ఆ పత్రాల్లోదే. సడలింపు మంచిదే. దాని ఫలితంగా కార్ల విషయంలో దేశం సీసీఎస్2 దగ్గర స్థిరపడింది. బీవైడీ లాంటి చైనా కంపెనీ కార్లు కూడా ఇక్కడికి సీసీఎస్2తోనే వస్తున్నాయి.

కార్లు తేలాయి గానీ స్కూటర్లు తేలలేదు. కంపెనీకో మూతి. ఏథర్ తయారుచేసిన కనెక్టర్‌ని 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17017 వరుసలో చేర్చింది. అయినా అందరూ అటు రాలేదు. పల్లెల్లో దీని బాధ పెద్దగా తెలియదు. స్కూటర్‌తో వచ్చిన చార్జర్ పెట్టె సీటు కింద ఉంటుంది, దాని తోక మామూలు త్రీపిన్. టీ కొట్లో కూడా పెట్టుకోవచ్చు. ఆటోలదీ ఇదే దారి.

మన త్రీపిన్ చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. ఈ గుండ్రటి పిన్నులు బ్రిటిష్‌వాళ్లు తెచ్చినవి. 1947లో మనం వాళ్లని పంపించాం, వాళ్లు ఆ ఏడాదే గుండ్రటి పిన్నుల్ని వదిలేసి పలకల పిన్నుల ప్రమాణం రాసుకున్నారు. మనం గుండ్రటివి ఉంచుకున్నాం. గల్ఫ్‌లో, సింగపూర్‌లో పలకల పిన్నులు. అందుకే దుబాయి నుంచి అన్నయ్య పంపిన ఇస్త్రీపెట్టె ఇంటికి రాగానే మొదట కావాల్సింది కన్వర్షన్ ప్లగ్. బెంగళూరులో పుట్టిన రేవా కారు ఈ విషయంలో ఎంత హాయిగా బతికిందో గుర్తుచేసుకోవాలి. 2001లో ఇక్కడ అమ్మకానికి వచ్చిన ఆ బుల్లికారు లండన్‌లో జీ-విజ్ పేరుతో తిరిగింది. ఏసీని డీసీగా మార్చే పెట్టె దాని పొట్టలోనే ఉంది కాబట్టి లండన్‌కి కావాల్సిన మార్పు తోక చివరి ప్లగ్గే. మన దేశం నుంచి ఎగుమతి అయిన కరెంటు కారు పరాయి గోడతో ఒక్క పూట కూడా పోట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన పెద్దపెద్ద కార్ల గొప్పల మధ్య ఈ చిన్న విషయాన్ని ఎవరూ చెప్పుకోరు.

కన్వర్షన్ ప్లగ్ అన్నాను గనక అసలు ప్రమాదం గురించి కూడా చెప్పాలి. గల్ఫ్ సాకెట్‌లో రెండు పిన్నుల ప్లగ్ దూరడానికి పై రంధ్రంలో పెన్ను రీఫిలో పుల్లో గుచ్చి తెరవడం మనవాళ్లందరికీ అలవాటు. ఆ పై రంధ్రం ఎర్త్‌ది. చవక కన్వర్షన్ ప్లగ్గుల్లో ఎన్నోవాటికి ఎర్త్ అందదు. ఇస్త్రీపెట్టె దాన్ని క్షమిస్తుంది. కారు క్షమించదు. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్ మధ్యలో ఇటుక లాంటి పెట్టె ఉంటుంది. సాకెట్‌లో పెట్టగానే అది మొదట చేసేపని ఎర్త్ ఉందా లేదా అని చూడటం. లేకపోతే ఎర్ర దీపం వెలిగించి పడుకుంటుంది. పర్యాటకుడు "చార్జర్ పోయింది" అనుకుంటాడు, కేర్‌టేకర్ "ఫ్యాను తిరుగుతోంది కదా, కరెంటు బాగానే ఉంది" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. లేనిది ఎర్త్.

సముద్రం ఒడ్డున ఎర్త్ వ్యవహారం విచిత్రంగా ఉంటుంది. ఉప్పు తేమ ఉన్న నేల కరెంటుకి మంచి దారే. మెట్ట ఊళ్లలో లాగా గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి, ఎండాకాలం నీళ్లు పొయ్యాల్సిన పని అంతగా ఉండదు. కానీ అదే ఉప్పు జీఐ పైపునీ, తీగ బిగించిన నట్టునీ తినేస్తుంది. పైకి పైపు నిలబడి ఉంటుంది, నేలలోపల తుప్పు పొడి. పదేళ్ల కింద ఇల్లు కట్టినప్పుడు వేయించిన ఎర్త్ ఇంకా ఉందని నమ్మడం ఈ తీరంలో కుదరదు. క్లాంప్ విప్పి, తుప్పు గీకి, రాగి పూత రాడ్ దింపించి, మీటర్‌తో కొలిపించాలి. సాకెట్ లోపలి ఇత్తడి పలకలదీ అదే దుస్థితి. పచ్చగా కిలుం పడితే పట్టు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. ఫ్యాన్లకీ టీవీకీ తెలియదు. ఏడెనిమిది గంటలు ఆపకుండా పదమూడు, పదిహేను ఆంపులు లాగే కారుకి తెల్లారేసరికి ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది. కిటికీలోంచి తీసిన ఎక్స్‌టెన్షన్ 'వన్ పాయింట్ ఫైవ్' వైరుదైతే ఇంకా అన్యాయం. 'ఫోర్ స్క్వేర్' వైరు, విడిగా ఎంసీబీ, ఆర్సీసీబీ, బోర్డు నుంచి నేరుగా ఒకే పాయింటు, ఇంతకంటే తక్కువలో ఈ పని తేలదు. ఇంటి కనెక్షన్ లోడు ఒకటో రెండో కిలోవాట్లుంటే ఈస్టర్న్ పవర్ డిస్కంకి దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి. మీటరు దగ్గర ఫ్యూజు ఎందుకు పోతోందని లైన్‌మన్‌ని తిట్టుకోవడం కంటే అది నయం.

ఈ ఖర్చు పెట్టి ఏం సాధిస్తామంటే, ఒక లెక్క చూద్దాం. విశాఖ నుంచి కళింగపట్నానికి 140 కిలోమీటర్లు అనుకోండి. యూనిట్‌కి 7 కిలోమీటర్ల చొప్పున 20 యూనిట్లు. 3 కిలోవాట్ల సాకెట్ మీద ఏడు గంటలు, నష్టాలు కలుపుకుంటే ఎనిమిది. సాయంత్రం లైట్‌హౌస్ చూసి, చేపల కూర తిని, రాత్రి పడుకుని, పొద్దున శాలిహుండం కొండెక్కి వచ్చేసరికి బండి ఖర్చుపెట్టిందంతా తిరిగొచ్చేస్తుంది. అది అమెరికా నుంచి తెచ్చిన బండైనా, జపాన్ లీఫ్ అయినా, పాత టిగోర్ అయినా అంతే. యాభై కిలోవాట్ల స్తంభం అదే పని అరగంటలో చేస్తుంది నిజమే. దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, నెట్‌వర్క్ కావాలి, కంపెనీ యాప్ కావాలి, ఉప్పుగాలికి తట్టుకునే క్యాబినెట్ కావాలి, చెడిపోతే విశాఖ నుంచి మనిషి రావాలి. హైవే మీద, నరసన్నపేట దగ్గరో టెక్కలి దగ్గరో దానికి చోటుంది. సముద్రం ఒడ్డున రాత్రి బసచేసే చోట లేదు. గెస్ట్‌హౌస్‌కి ఒకటి, ఊళ్లోని దర్గాకి వచ్చేవాళ్ల కోసం ఒకటి, బీచ్ పార్కింగ్‌లో రెండు, ఇలా మంచి ఎర్త్ ఉన్న సాకెట్లో, 7 కిలోవాట్ల టైప్2 పెట్టెలో పెట్టించడం పంచాయతీకీ పర్యాటక శాఖకీ అందని పనేం కాదు.

యాప్‌ల మాట వచ్చింది కాబట్టి అదీ ఒక రకం ప్లగ్గు తేడాయే అంటాను. గన్ను కుదిరినా, ఆ కంపెనీ యాప్ లేక, వాలెట్‌లో డబ్బు వేయక, ఓటీపీ రాక వెనక్కి తిరిగినవాళ్లెందరో. టీ కొట్లో పది రూపాయలకి యూపీఐ స్కాన్ చేసే దేశంలో కరెంటుకి మాత్రం ముందే డబ్బు పోసి ఖాతా తెరవాల్సి రావడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. కంపెనీల బుద్ధే కారణం.

ఓడిపోయిన ఛాడెమో గురించి ఒక మంచి మాట మిగిలింది. 2011 మార్చిలో సునామీ తర్వాత జపాన్‌లో ఊళ్లకి ఊళ్లు చీకట్లో పడ్డాయి. ఆ అనుభవంతో మరుసటి ఏడాది నిస్సాన్, లీఫ్ కారు బ్యాటరీ నుంచి ఇంటికి కరెంటు తిప్పి పంపే పరికరాన్ని అక్కడ అమ్మకానికి పెట్టింది. ఛాడెమో మూతికి ఆ శక్తి ముందునుంచే ఉంది. సీసీఎస్ లోకానికి ఆ వెనక్కి పంపే భాష పూర్తి ప్రమాణంగా 2022లో గానీ రాలేదు. కళింగపట్నానికి ఇది దూరపు ముచ్చట కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటింది కళింగపట్నానికి కొద్ది దూరంలోనే. తుపానొస్తే స్తంభాలు పడతాయి, ఫాస్ట్ చార్జర్ ఏ మూతిదైనా ఉత్త డబ్బానే. బ్యాటరీలో ముప్ఫై యూనిట్లున్న కారు మాత్రం రోజుకి అయిదు యూనిట్లు వాడే ఇంటికి అయిదారు రోజులు దీపం, ఫ్యాను, ఫోన్లు నడిపించగలదు. ఇప్పుడు మన కార్లలో కొన్నిటికి ఈ సౌకర్యం చిన్న రూపంలో వచ్చింది. 2023 నెక్సాన్ ఈవీ చార్జింగ్ మూతికి ఒక అడాప్టర్ తగిలిస్తే 3.3 కేవీఏ దాకా మామూలు సామాను నడుస్తుంది. ఆ అడాప్టర్ అవతలి కొసన ఉండేది మళ్లీ మన త్రీపిన్ సాకెట్టే. అయితే దాన్ని తీసుకెళ్లి ఇంటి గోడలోని సాకెట్‌కి ఎదురు గుచ్చకూడదు. స్తంభం మీద లైను సరిచేస్తున్న మనిషికి ఆ కరెంటు వెనకనుంచి తగులుతుంది. ఇంటి మొత్తానికి కలపాలంటే మెయిన్ దగ్గర చేంజోవర్ స్విచ్ ఉండాలి, జనరేటర్‌కి వేయించినట్టే. అది లేనిచోట ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఫ్రిజ్జుకీ ఫ్యానుకీ విడిగా ఇచ్చుకోవాలి.